రాజమహేంద్రవరపు కలము

1935వ సంవత్సరము జూలై 16వ తేదీన గాంధీజీ వార్ధా నుండి రాజమహేంద్రవరమునకు ఒక చిన్న ఉత్తరము వ్రాసిరి. కోసూరి వెంకటరత్నము అను స్వర్ణకారుడు పంపిన ఫౌంటెను పెన్ను తమకు చేరినదనియు, దానితో వ్రాసి చూచితిమనియు, బజారులలో కానవచ్చు విదేశపు కలములకు అది మంచి బదులుగా తోచుచున్నదనియు అందలి సారాంశము. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘమును నడుపుచుండిన కుమారప్పగారి ద్వారా ఆ కలము వారికి చేరినది. ఉత్తరము నాలుగు ముక్కలే. అందు పొగడ్త పాలు మిక్కిలి తక్కువ. అద్భుతమని వారు వ్రాయలేదు, అపూర్వమని వ్రాయలేదు. పనికివచ్చు వస్తువు పనికివచ్చుచున్నదని చెప్పిరి. ఒక పనివానికి ఇంతకంటె కావలసినదేమున్నది?

ఆ ఉత్తరమును గూర్చి తెలుగుదేశమున వినని వారు తక్కువ. కాని ఆ కలము ఎట్లు తయారయినది, దానిని ఒక కంసాలి తన కుంపటి ముందు కూర్చుండి చేయుటలో ఉన్న కష్టమేమి అన్న సంగతిని విచారించినవారు అంతకంటెను తక్కువ. నేటి ప్రసంగమున మేము ముఖ్యముగా ఆ పనిని గూర్చియే ముచ్చటింప దలచితిమి.

రాజమహేంద్రవరమునకు వ్రాత కొత్త గాదు. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయభట్టారకుడు భారతమును తెనిగించినది ఈ గోదావరి ఒడ్డుననే. ఆనాడు వ్రాతకు సాధనము ఘంటము. అది ఇనుప మొన గల పుల్ల; దానికి సిరా లేదు. తాటాకుపై గీరి, పిమ్మట మసి పూసి తుడిచినచో అక్షరములు నల్లగా తేలును. ఆకు ఈనె వెంబడి నిలువుగా, అడ్డముగా గట్టిగా గీచినచో చీలిపోవును గనుక మన అక్షరములు గుండ్రదనము దాల్చినవని పెద్దలు చెప్పుదురు. అది ఎంతవరకు నిజమైనను కావచ్చును గాని, తెలుగు వ్రాయువాని చేయి మాత్రము ఎప్పుడును తిరుగుచునే ఉండవలెను. తలకట్టు, సుడి, వట్రువసుడి, క్రిందికి దిగు ఒత్తులు, ఇవన్నియు మెలికలే. ఈ సంగతి పాళీ దగ్గరకు వచ్చినప్పుడు మరల జ్ఞాపకము తెచ్చుకొందము.

కాగితము వచ్చిన తరువాత రెల్లు కలము వచ్చినది. దానిని ఎవరి కలమును వారే చాకుతో చెక్కుకొనెడివారు. సిరా కూడ ఇంటనే. దీపపు మసిని తుమ్మజిగురుతో నూరినది ఒక రకము. కరక్కాయ కషాయమున అన్నభేది కలిపినది మరియొక రకము. తరువాత ఇంగ్లండులోని బర్మింగుహాము నుండి ఉక్కు పాళీలు పెట్టెలు పెట్టెలుగా దిగినవి. పంతొమ్మిదవ శతాబ్దమున ప్రపంచమున సగము కచేరీలకు పాళీలు పంపినది ఆ ఒక్క పట్టణమే యనిన అతిశయోక్తి కాదు. పుల్లకు పాళీ గ్రుచ్చుట, బుడ్డిలో ముంచుట, నాలుగు మాటలు వ్రాయుట, మరల ముంచుట. మా చిన్ననాటి బడిలో బల్లకు బెజ్జము చేసి సిరాబుడ్డి అమర్చి యుండెడిది. దానిలో చీమలు, సుద్దముక్కలు, అప్పుడప్పుడు తోటి పిల్లవాని జుట్టుకొన కూడ మునిగెడిది.

సిరాను కలములోనే దాచుకొనిపోవలెనన్న కోరిక చాల పాతది. రొమేనియా దేశీయుడగు పెట్రాకే పొయెనారు పారిసులో చదువుకొనుచు 1827లో అట్టి కలమునకు ఫ్రెంచి ప్రభుత్వము వలన పేటెంటు పొందెను. కాని ఆ తరహా కలములన్నిటికి ఒకటే జబ్బు: సిరా దిగితే చెరువుకు గండి పడినట్లు దిగును, లేకున్న అసలే దిగదు. కారణము గాలి. గొట్టములో నుండి ఒక బొట్టు సిరా వెలుపలికి రావలెనన్న దాని చోటికి అంత గాలి లోపలికి పోవలెను. రెండు దారులు ఒకే సందున ఇమడవలెను. 1884లో న్యూయార్కులో లూయీ ఎడ్సను వాటర్మను పాళీ క్రింద నుండు నాలుకపై సన్నని గాళ్లు చెక్కి ఈ చిక్కును విప్పెను. ఆయన భీమా ఏజెంటనియు, కలము కక్కిన సిరా వలన ఒక పెద్ద ఒప్పందము పోగొట్టుకొని పట్టుదలతో కొత్త కలమును కనిపెట్టెననియు ఒక కథ ప్రచారములో ఉన్నది. దానికి తగిన ఆధారములు లేవని పరిశీలించినవారి అభిప్రాయము. కంపెనీల ప్రకటనలలో పుట్టిన కథలు పురాణములకంటె గట్టిగా నిలుచును గదా!

అటుపిమ్మట అమెరికా నుండి వాటర్మను, పార్కరు, ఇంగ్లండు నుండి స్వాను కలములు మన దేశమునకు దిగినవి. ప్లీడరు జేబులో అది లేనిచో వాదన తేలినట్లుండెడిది. పెండ్లిలో అల్లునికి వాచీతోపాటు ఫౌంటెను పెన్ను పెట్టుట ఒక మర్యాద అయినది.

ఇంతలో 1905లో వంగరాష్ట్ర విభజన జరిగినది, స్వదేశీ ఉద్యమము లేచినది. 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించుటయు, వందేమాతరము బిళ్లలు ధరించిన విద్యార్థులు కళాశాల నుండి వెళ్లగొట్టబడుటయు చరిత్రలోని విషయములే. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఒకరు. బట్టల మాట వచ్చినప్పుడు నూలు వడుకుట అందరికి తోచినది. కలము మాట వచ్చినప్పుడు ఏమి చేయవలెనో చాలమందికి తోచలేదు. విదేశీ వస్తు బహిష్కారమును గూర్చి ఉద్రేకముతో వ్యాసము వ్రాయువాడు దానిని స్వాను కలముతో వ్రాయుచుండుట, ఆనాటివారికిని నవ్వు పుట్టించిన విషయమే అయి యుండును. కాశీలో రాధికానాథ సాహా అను వంగీయుడు ఇరువదవ శతాబ్దపు తొలి దశకముననే లక్ష్మీ స్టైలో అను కలమును రూపొందించి పేటెంట్లు పొందెను. ఇట్టి ప్రయత్నములు అచ్చటచ్చట జరిగినవి. రాజమహేంద్రవరమున 1924లో కర్ణాటిక్ పేపరు మిల్లు అను పేర కాగితపు కర్మాగారము పుట్టెను. తరువాత అదియే ఆంధ్ర పేపరు మిల్లు అయినది. కాగితము సిద్ధమయిన ఊరిలో కలము పుట్టుట విడ్డూరము కాదు.

రత్నముగారి సంగతి ఇట్లు చెప్పుదురు. ఆయన నగిషీ పనిలోను, అచ్చులు చెక్కుటలోను నేర్పరి. 1921లో తన పనితనమును గాంధీజీకి చూపగా, వారు మెచ్చుకొనుచునే, ఇట్టివాని కంటె సామాన్యులకు నిత్యము అక్కరకు వచ్చు వస్తువును, గుండుసూది మొదలు కలము వరకు ఏదైనను ఒకటి, చేసి పెట్టవలసినదని హితవు చెప్పిరట. ఆ మాట ఆయన మనసున నాటుకొని, 1932 నాటికి కలమై మొలకెత్తినది. తొలుత పంపిన కలమున పాళీ మొదలగు కొన్ని భాగములు విదేశీయములని తెలిసి గాంధీజీ దానిని స్వీకరింపలేదనియు, మరల అన్నియు ఇచ్చటనే చేసి పంపిన పిమ్మటనే పైన చెప్పిన ఉత్తరము వచ్చినదనియు కూడ చెప్పుకొందురు. నోటినుండి నోటికి వచ్చిన కథలో కొంత మెరుగు చేరుట సహజమే. అయినను అందొక నిజమైన ప్రశ్న దాగియున్నది: ఒక వస్తువును స్వదేశీ యనుటకు ఎంతవరకు లోతునకు దిగవలెను?

ఈ ప్రశ్నను ఊరక విడువరాదు. కలపు గొట్టమునకు వాడునది ఎబొనైటు, అనగా గట్టిపడిన రబ్బరు. అది పల్లెలో దొరకునది కాదు. పాళీ మొనయందలి ఇరిడియము మన కుంపటిలో పుట్టదు. బంగారము మన దేశమున కోలారు గనులలో దొరికెడిది. తక్కినదంతయు ఓడలలో వచ్చినదే. అట్లయిన ఇందు స్వదేశీయము ఏది? మా ఉద్దేశము, పని. ముడి సరకు ఎచ్చటిదైనను, దానిని కలముగా మార్చు తెలివి, చేయి, కూలి, లాభము అన్నియు ఈ ఊరివి. గాంధీజీకి కూడ ఈ విషయమున పూర్తి తృప్తి యున్నట్లు మాకు తోచదు. గ్రామ పరిశ్రమల దినములలో వారు రెల్లు కలమునే మెచ్చుకొనిరి. ఎవడైనను చాకుతో చెక్కుకొన దగినది అదియే గదా. విదేశపు కలములకు బదులు అని వ్రాయుటలో ఆ అర్థము ధ్వనించుచున్నది. తీసివేయుటకు వీలుకాని చోట, కనీసము మార్చుకొనుటకు ఒకటి దొరికినదని.

ఇక పని. గోదావరి జిల్లాలలో ఒక ముదుసలి పనివాని ముందు మేము రెండు పగళ్లు కూర్చుండి చూచినది చెప్పెదము. ఆయన పేరు చెప్పవద్దని కోరెను. ఆచారిగారు అని పిలిచినచో చాలునట.

ఎబొనైటు కడ్డీ చూచుటకు నల్లని చెరకుగడ ముక్కవలె ఉండును. రబ్బరును గంధకముతో కలిపి కాచుట 1839లో అమెరికాలో చార్లెసు గుడియరు కనిపెట్టెను. గంధకము పాలు కొద్దిగా నున్నచో సాగు రబ్బరు. సుమారు మూడవ వంతు వరకు పెంచి చాల సేపు కాచినచో చెక్కవలె గట్టిపడును. ఇట్టి గట్టి రబ్బరునకు ఆయన తమ్ముడు నెల్సను 1851లో పేటెంటు పొందెను. సిరాలోని పులుపు దీనిని తినదు. లేతు మీద చక్కగా తరిణె పట్టును. ఉలి ఆనించగానే రిబ్బనువలె పొడవైన నల్లని పొట్టు చుట్టలు చుట్టుకొనుచు రాలును. గదియంతయు మతాబు కాల్చినట్లు గంధకపు వాసన. ఎండలో చాల కాలముంచినచో నలుపు తగ్గి చివికిన ఆకు రంగునకు తిరుగును. అందుకే పాత కలములను చూచి వయసు చెప్పవచ్చునని ఆచారిగారి మాట.

గొట్టము, మెడ, మూత, అడుగు, ఈ నాలుగును వేరు వేరుగా కడ్డీ నుండి తీయవలెను. మొదట లోపల తొలుచుట, తరువాత పైన చెక్కుట. తొలిచిన బెజ్జము నడిమికి రాకున్న ఒకవైపు గోడ పలుచనై చేతి వేడికి సిరా చెమర్చును. పిమ్మట మరలు. మూత మెడ మీదకు ఒకటిన్నర చుట్టులో బిగియవలెను. వదులైనచో జేబులో ఊడును, మిక్కిలి బిగువైనచో తీయువాడు గొట్టమును విరుచును. ఆచారిగారు కొలబద్ద వాడక తన బొటనవ్రేలి గోటితో మర లోతు చూచుచుండెను. మేము ఆశ్చర్యపడగా, "గోరే నా కొలతండి బాబుగారూ. అది అరిగితే మళ్లీ మొలుస్తాది, కొలబద్ద మొలవదు గదండీ" అని నవ్వెను.

మెరుగు పెట్టుట ఒక పూట పని. ముతక కాగితము, సన్న కాగితము, నీటితో నూరిన మెత్తని పొడి, తుదకు నూనె తడిపిన గుడ్డ. గొట్టముపై పూవులో, తీగెలో, గీతలో కోరువారున్నచో ఈ దశకు ముందే చిత్రము గీచుకొని ములికితో చెక్కవలెను. ఇచ్చట కంసాలి వృత్తి అక్కరకు వచ్చును. వెండి మూత కావలెనన్నవారికి రేకు చుట్టి, వెలిగారము వేసి అతికి, ఊదుగొట్టముతో మంటను అతుకు మీదనే నిలిపి, నగిషీ చెక్కి ఇచ్చును. పేరు చెక్కించుకొనువారు ఎక్కువ. పెండ్లికుమారుని పేరు పొడవై చోటు చాలక, ఇంటిపేరును అడ్డముగా క్రిందికి మడిచిన ఒక కలమును ఆయన మాకు చూపెను. ఎందుకో తెలియదు, దానిని తీసికొనిపోవుటకు ఎవరును రాలేదట.

పాళీ అన్నిటికంటె కష్టము. బంగారమెందులకని కొందరు అడుగుదురు, డాబు కొరకని ఎంచుదురు. కారణము వేరు. కరక్కాయ అన్నభేది సిరా ఇనుమును తినివేయును. ఉక్కు పాళీ కొద్ది వారములలో తుప్పు పట్టి గీరుకొనును. బంగారమును ఆ సిరా ఏమియు చేయలేదు. కాని మేలిమి బంగారము మెత్తన, ఒత్తగానే వంగును. అందువలన 24 పాళ్లలో 14 పాళ్లు బంగారము, తక్కినది వెండి, రాగి కలిపి మూసలో కరగించి, కడ్డీ పోసి, దాగలి మీద సాగగొట్టి, నడుమ నడుమ కాల్చి, రేకు తీయుదురు. రేకును ఆకు ఆకారమున కత్తిరించి, నడుమ చిన్న కన్ను పొడిచి, అచ్చులో పెట్టి వంపు తెత్తురు. కాల్చుట ఒక పాలు ఎక్కువైనచో పాళీ జీవము పోవును. తక్కువైనచో రేకు పగులును.

బంగారము కాగితము మీద అరుగును గనుక మొనకు గట్టి లోహపు గింజను అంటింతురు. 1834లో ఇంగ్లండున జాను ఐజాకు హాకిన్సు ఇరిడియము కలిసిన గింజను బంగారు పాళీకి అతికి ఈ దారి చూపెను. గింజ ఆవగింజలో సగము కూడ ఉండదు. దానిని పటకారుతో పట్టి, మొనపై నిలిపి, మంటతో అతుకుట చూచుచున్నంత సేపును మేము ఊపిరి బిగపట్టితిమి. తుమ్మినచో ఆ గింజ మరల దొరకదు. అతికిన పిమ్మట సన్నని రంపపు చక్రముతో గింజను, పాళీని కన్ను వరకు నడిమికి చీల్చవలెను. ఆ చీలిక వెంట్రుక మందము. సిరా క్రిందికి దిగునది దాని బరువు వలన కాదు, ఈ సందు వలన. దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లే ఇందు సిరా ప్రాకును. సందు మొన వద్ద సన్నముగను, కన్ను వద్ద కొంచెము వెడల్పుగను ఉండవలెను. తారుమారైనచో కలము మూగవోవును.

నాలుకను కూడ ఎబొనైటుతోనే చేయుదురు. దానిపై గాలికి ఒక గాడి, సిరాకు దాని అడుగున సన్నని గాళ్లు. వేడి నీటిలో ముంచి మెత్తపరచి, పాళీ పొట్టకు అంటునట్లు వ్రేలితో ఒత్తి చల్లార్తురు. మధ్య సందు మిగిలినచో సిరా తెగును.

ఈ సందర్భమున మా అనుభవము ఒకటి. మేము పరీక్షకు కూర్చున్ననాడు చేతిలోని కలము జవాబు కాగితముపై రూపాయి బిళ్లంత మరక వేసినది. కలము చేసినవానిని చాల ఏండ్లు తిట్టుకొంటిమి. ఆచారిగారు విని, ఆనాడు కలములో సిరా ఎంత యున్నదని అడిగెను. అడుగంటి యుండెను. "అదేనండి మరి. సిరా తగ్గితే గాలి నిండుతాది, మీ చేతి వేడికి గాలి ఉబ్బుతాది, సిరాని తోసేస్తాది. పరీక్షకి నిండా పోసుకుని వెళ్లాలండి" అనెను. సిరాను గొట్టములోనే నేరుగా చుక్కలు చుక్కలుగా పోయు మన కలములకు ఈ స్వభావము సహజము. తప్పు మాదే యని ఇంత కాలమునకు తెలిసినది.

సిరా మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. మసి సిరాను ఈ కలములలో పోయరాదు, సందులన్నియు పూడును. దేశీయ కలమున విదేశీయ సిరా పోయుట చూచి బెంగాలు వారికి పట్టుదల కలిగినది. బెంగాలు కెమికల్సులో పని చేసిన రసాయన శాస్త్రజ్ఞుడు సతీశచంద్ర దాసుగుప్తగారి సిరా ఆధారముగా, రాజషాహీలో మైత్రా సోదరులు 1934లో సులేఖ సిరాను ప్రారంభించిరి. వెనుక ఉన్న ప్రేరణ గాంధీజీదే. రాజమహేంద్రవరపు కలమునకును, రాజషాహీ సిరాకును మధ్య వయస్సు భేదము రెండేండ్లు మాత్రమే.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట కలపు పనివారికి మంచి దినములు వచ్చినవి. రాజమహేంద్రవరముననే గైడరు మొదలగు మరికొన్ని పేర్లతో కలములు వెలసినవి. బడులు పెరిగినవి, కచేరీలు పెరిగినవి. ఇంతలో 1963 జనవరిలో బంగారు నియంత్రణ ఉత్తరువులు వెలువడెను. 14 క్యారెట్లకు మించిన బంగారముతో నగలు చేయరాదని శాసనము. దేశమున లక్షల కంసాలి కుటుంబములు ఒక్కసారిగా పని లేక వీధిన పడెను. ప్రాణములు తీసికొన్నవారి వార్తలు పత్రికలలో నిండెను. తాళిబొట్టు 14 క్యారెట్లలో చేయించుకొన తల్లులు ఒప్పుకొనలేదు. ఆ నిబంధన కొద్ది ఏండ్లలోనే సడలినను, నియంత్రణ చట్టము మాత్రము 1990 వరకు తొలగలేదు. దేశమునకంతకును కూడని ఆ 14 క్యారెట్ల బంగారముతోనే పాళీ చేయువారు అంతకు ముందు మూడు దశాబ్దములుగా పని చేయుచుండిరన్నది తలచుకొన్నచో చిత్రముగా నుండును. ఆచారిగారి తండ్రి నగల పని మాని పాళీల పనిలో చేరినది ఆ సంవత్సరమేనట. "నాన్నగారు పుస్తెలు చేసిన చేత్తో పాళీలు చేశారండి. మొదటి నెల్లాళ్లు అన్నం సయించలేదని మా అమ్మ చెప్పేది" అని ఆయన తలవంచుకొని చెప్పెను. మేము మరేమియు అడుగలేదు.

అసలు దెబ్బ వేరొక దిక్కు నుండి వచ్చినది. హంగేరీ దేశీయుడు లాజ్లో బీరో బంతి మొన కలమునకు 1938లో పేటెంటు పొందెను. 1945 అక్టోబరు 29వ తేదీన న్యూయార్కులో గింబెల్సు అంగడియందు అట్టి కలములు పన్నెండున్నర డాలర్లకొకటి చొప్పున అమ్మకమునకు వచ్చినప్పుడు జనము విరగబడిరి. క్రమముగా వెల పడిపోయి తుదకు కిళ్లీ కొట్టులో దొరకు వస్తువైనది. మొదట బ్యాంకులు, బడులు దానిని రానీయలేదు. పిల్లల దస్తూరి చెడునని ఉపాధ్యాయులు భయపడిరి. ఆ భయము నిజమే యైనను దానివలన ఆగినదేమియు లేదు. సులేఖ వారు కూడ 1980ల చివర మూతపడి, 2006లో తిరిగి తలుపులు తెరచిరి.

రాజమహేంద్రవరమున రత్నము కలములు నేటికిని చేతితోనే తయారగుచున్నవి. అవి కావలెనని దూరదేశముల నుండి కూడ కోరువారున్నారు. విదేశీయ కలమునకు బదులుగా పుట్టినది, ఇప్పుడు విదేశీయుల బల్లలపైకి పోవుచున్నది. అయినను లేతు ముందు కూర్చుండు పిల్లలు తక్కువ. ఆచారిగారి కుమారుడు కంప్యూటరు పనిలో హైదరాబాదున ఉన్నాడు. సెలవులకు వచ్చినప్పుడు కాసేపు మెరుగు పెట్టి పోవునట; మర తీయుట మాత్రము రాదట.

మేము ఒక కలమును అడిగితిమి. మా చేతి తీరు చూచుటకు ఆయన ముందుగా మా చేత వ్రాయించెను. పేరు వ్రాయగా తల అడ్డముగా ఆడించెను. పేరు అందరును అలవాటుగా గీయుదురు గనుక అది పనికిరాదట. "శ్రీకృష్ణుడు" అని వ్రాయుమనెను. అందు శకారపు మెలిక, రావత్తు, గుడిదీర్ఘము, వట్రువసుడి, ణత్తు, కొమ్ము అన్నియు ఉన్నవి. దొరల పాళీలు ఏటవాలు వ్రాతకు సాన పట్టినవనియు, మన సుడి దగ్గర అవి కాగితమును గీరుననియు ఆయన వాదము. మేము వ్రాయుచుండగా కన్నులు మూసికొని చెవి కాగితము దగ్గరకు వంచి వినెను. వట్రువసుడి క్రిందికి తిరిగి పైకి లేచు చోట చిన్న గరగర. పాళీని తీసికొని రాతిపై ఎనిమిది అంకె వేసినట్లు నాలుగు మారులు త్రిప్పి ఇచ్చెను. మరల వ్రాసితిమి. మరల వినెను. మరల రెండు మారులు త్రిప్పెను. సాయంకాలము దీపము పెట్టు వేళకు పదునాలుగు శ్రీకృష్ణులు కాగితముపై నిలిచిరి. పదునైదవ దానికి ఆయన చెవి పైకెత్తి, మూత బిగించి, కలమును మా జేబులో తానే పెట్టెను.